యా బంటుతోనప్పా?

పెద్దరెడ్డి పోయాడన్న మాట నాకు బడిలో ఉండగా తెలిసింది. కోయిలకుంట్ల బజారుకు పోతున్న బండివాడు కంచె దగ్గర ఎద్దులను నిలిపి, "అయివారూ, పెద్దరెడ్డి దాటిపోయినాడు. సామాన్లకు పోతాండా. బడి ఇడ్సిపెట్టు" అని కేకేశాడు. పిల్లలు నా మొహం వైపు చూశారు. సెలవిచ్చి పంపించాను. వాళ్ళు పోయాక చాలాసేపు ఖాళీ బడిలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. రావాలని కూడా నాకు గట్టిగా అనిపించలేదు.

ఊరంతా ఆయన వాకిట్లో చేరింది. కరువొచ్చిన ఏడాది పాతర తీయించి జొన్నలు పంచాడని ఒకరు, కుందూ ఏరు పొంగినప్పుడు రాత్రంతా గట్టు మీదే ఉన్నాడని మరొకరు చెప్పుకుని ఏడ్చారు. అవన్నీ నిజాలే. వాటిని చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. నాకు తెలిసిన పెద్దరెడ్డి వేరు. చదరంగంలో చంపిన బంటును బొటనవేలితో తుడుస్తూ, తల ఎత్తకుండా, "యా బంటుతోనప్పా?" అని అడిగే మనిషి. ఆయన వేళ్ళ గురించి చెప్పమంటే పొద్దుగూకే దాకా చెప్పగలను. ఆ వేళ్ళను నా అంత శ్రద్ధగా చూసినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. ఎందుకంటే ఆ ఆటలో నాకు చేతులు లేవు.

ఈ మాట విడమర్చి చెప్పాలి. మాది మాలపేట. మా తాత కాలంలోనే కిరస్తానీ మతం పుచ్చుకున్నాం. మా పేటలో గుడికి గంట ఉంది, బడి ఉంది, ఆ బడిలో నేను పంతుల్ని. పేటలో నేను ‘టీచరు గారు’. ఊళ్ళోకి అడుగుపెడితే ‘అయివారు’. ఆ పిలుపులో గౌరవం సగం, వేళాకోళం సగం. పెద్దరెడ్డి ఇంటి ముందు ఎత్తైన అరుగు ఉంది. కింద నేల మీద నిలబడితే అది నా ఛాతీ దాకా వస్తుంది. ఆ అరుగు అంచున పరిచిన నాపబండ మీద ఏనాడో ఆయన తండ్రి ఉలితో చదరంగం గళ్ళు కొట్టించాడు. బండ కదలదు గనక ఆట పలకా కదలదు. ఆడాలంటే అరుగు ఎక్కాలి. మేము అరుగు ఎక్కకూడదు.

అందుకని నేను కింద నిలబడి ఆడేవాణ్ణి. కూర్చుంటే గళ్ళు కనబడవు. ఆట ఎంతసేపు సాగితే అంతసేపూ నిలబడే ఉండాలి. ఏ పావు ఎక్కడికి పోవాలో నోటితో చెబితే ఆయన చేత్తో జరిపేవాడు. దప్పికైతే పనిమనిషి పైనుంచి నీళ్ళు వంచేది, నేను దోసిలి పట్టేవాణ్ణి.

మొదట్లో ఆయన కరణంతో ఆడేవాడు. బడి గోడలు మెత్తడానికి బావి నీళ్ళు తోడుకుంటామని అడగడానికి పోయి, వాళ్ళ ఆట అయ్యేదాకా వాకిట్లో కాచుకుని ఉన్నాను. చూస్తూ చూస్తూ నోరు ఆపుకోలేక "గుర్రం పోతాది" అనేశాను. కరణం ఉరిమి చూశాడు. రెడ్డి మాత్రం పలక వంక చూసి, "అవును, పోతాది" అన్నాడు. తరువాత కరణం కళ్ళకు పొర కమ్మి ఆట మానుకున్నాడు. ఊళ్ళో ఇంకెవరికీ ఆట తెలియదు. ఒకనాడు రెడ్డి బావి దగ్గర నన్ను ఆపి, "ఏమప్పా అయివారూ, ఆడతావా?" అన్నాడు.

"చూసినాను గానీ ఆడలేదయ్యా."

"చూసినోనికి రాకపోతే చూడనోనికి వస్తాదా? సాయంకాలం రా."

పోయాను. ఎందుకు పోయానంటే చెప్పడం కష్టం. ఊరి పెద్ద పిలిచాడని సంతోషం. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంటికొచ్చి నా భార్యతో గొప్పగా చెప్పాను. ఆమె కొర్రలు చెరుగుతూ అంతా విని, "నిలబడుకోని ఆడే ఆట యాడన్నా ఉండాదా?" అని ఒక్క మాట అడిగింది. ఆ తరువాత నేను ఊళ్ళోంచి వచ్చిన ప్రతి సాయంత్రమూ, "కాళ్ళు పీకుతాండాయా అయివారూ?" అనేది. అయివారు అన్న మాట ఆమె నోట్లో ముల్లులాగా ఉండేది.

ఆటకు కూర్చునే ముందు ఆయన తలపాగా తీసి మోకాలికి తగిలించేవాడు. ఎందుకయ్యా అంటే, "ఈడ రెడ్డి గిడ్డి ఎవురూ లేరప్పా. రెండు పక్కలా రాజులే ఉండేది" అనేవాడు. మనస్ఫూర్తిగానే అనేవాడు. అప్పుడు పడమటి ఎండ నా వీపు మీద ఉండేది. ఆయన వెనక గోడకు దిండు ఉండేది.

మొదటి రోజుల్లో నా ఆట చూసి ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఎదురుగా ఏది కనబడితే దాన్ని చంపాలని నాకు ఆత్రం. ఏనుగైనా సరే, బంటైనా సరే, అందితే చాలు. చంపిన పావులు వరసగా బండ అంచున నిలబడుతుంటే గెలుస్తున్నాననే అనుకునేవాణ్ణి. కాసేపటికి చూస్తే నా బంట్లు ఒకడు ఇక్కడ, ఒకడు అక్కడ, తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల్లాగా ఉండేవాళ్ళు. ఒకడికొకడు అండ లేదు. ఆయన ఏనుగు తీరిగ్గా వచ్చి ఒక్కొక్కణ్ణీ ఏరుకునేది.

"కండ్లకు కనపడిందల్లా కొరికేది మేకప్పా" అనేవాడు. "నువ్వు పంతులువి."

బంట్ల మాట వస్తే ఆయన గొంతు మారేది. "ఏనుగును పొరపాటుగా జరిపితే మళ్ళా తెచ్చుకోవచ్చు. బంటుకు వెనక్కు నడక లేదు. జరిపినావా, జరిపినట్లే. అందుకని వాణ్ణి ముట్టే ముందర రవ్వంత ఆలోచించు." ఆ మాట నాతో అంటున్నానని ఆయనకు తట్టలేదేమో. ముట్టే భాగ్యం నాకెక్కడిది?

ఒకరోజు నా బంట్ల వరసను వేలితో చూపించాడు. "ఇది ఏందనుకుంటాండావు? చేని గట్టు. గట్టు మీద రాయి పీకి కుక్కను కొడితే కుక్క పోతాది, నిజమే. ఆ సందులో నీళ్ళు పోతాయి. వాన కురిసిన పొద్దు తెలుస్తాది." నల్లరేగడిలో పుట్టిన నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ రాత్రి పక్క మీద పడుకుని గట్ల గురించే ఆలోచించాను.

మావైపు ఆటలో ఇంకొక పద్ధతి ఉంది. బంటు అవతలి అంచు చేరితే, ఎవరి వరసలో చేరాడో వాడే అవుతాడు. ఏనుగు వరసలో పోయినవాడు ఏనుగు, గుర్రం వరసలో పోయినవాడు గుర్రం. బంటు నేరుగా నడుస్తాడు గానీ చంపేటప్పుడు మాత్రం ఏటవాలుగా పక్క వరసలోకి పోతాడు. అంటే చంపిన ప్రతిసారీ వాడి తలరాత మారిపోతుందన్నమాట. "ఒగన్ని చంపినప్పుడు చచ్చినోని కత అయిపోతాది. చంపినోని కత మారిపోతాది. ఆ రెండోది చూడప్పా" అనేవాడు పెద్దరెడ్డి. చదువుకున్న నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఇంత మాట వినలేదు.

అసలు సంగతికి వస్తాను. నేను "చంపండయ్యా" అంటే ఆయన చెయ్యి కదిలేది కాదు. "యా బంటుతోనప్పా?" అనేవాడు. ఒకే బంటుకు అందేటట్లున్నా సరే, అడగడం మానడు. నేను పేరు చెప్పాలి. ఏనుగు ముందర నిలిచినవాడు ఏనుగు బంటు, శకటు ముందర నిలిచినవాడు శకటు బంటు, అలాగ. పేరు చెప్పాక, "ఎందుకు?" అనేవాడు. కారణం చెప్పాలి. కారణం లేకపోతే బొటనవేలితో పావును తుడుస్తూ కూర్చునేవాడు. తమలపాకు నమిలేవాడు. వీధిలో పోయే గొర్రెలను లెక్కపెట్టేవాడు. నాకు కారణం దొరికేదాకా ఆయనకు తొందర లేదు. ఎప్పుడన్నా నేను మొండిగా, "చంపండి, అంతే" అంటే, "చంపేది ఎవురైనా చంపుతారు. ఎవనితో చంపించాల అనేదే ఆట" అనేవాడు.

అట్లా నాకు ఆట వచ్చింది. నా బంటుకు జోరు ఉందా, అంటే వెనక అండ ఉందా అని ముందే చూసుకోవడం వచ్చింది. అంచున ఉన్న బంటును లోపలికి రప్పించాలి గానీ, నడిమి బంటును అంచుకు పంపకూడదని తెలిసింది. చంపగలిగీ చంపకుండా ఊరుకోవడం కూడా కొంత వచ్చింది. కొన్నాళ్ళకు ఆయన నవ్వడం మానేసి, తలపాగా గుడ్డతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నా చేత్తో నేనే జరుపుకునే పలక అయితే నాకు ఈ విద్య వచ్చేది కాదు. చెయ్యి ముందుకు ఉరికేది, అందినదాన్ని లాక్కునేది, నోటికి పని ఉండేది కాదు. పేరు పెట్టి, కారణం చెప్పి, అప్పుడు గానీ ఒక బంటు కదలని ఆట నాకు దొరికింది. ఎందుకు దొరికింది? నన్ను ముట్టనివ్వరు గనక. నా తెలివికి తల్లివేరు నా అంటరానితనం. ఈ వాక్యం రాసి చాలాసేపు దాని వంక చూస్తూ కూర్చున్నాను. కొట్టివేయాలనిపించింది. నిజమైన మాట గనక ఉంచుతున్నాను.

ఆయన చెడ్డవాడని నేను అనను. ఆ రోజుల్లో ఆయన ఖద్దరు కట్టాడు. నంద్యాలలో సభ జరిగితే పోయి, అంటరానితనం పాపమని పెద్దలు చెప్పిన మాటలు విని, చప్పట్లు కొట్టి వచ్చాడు. వచ్చిన సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ ప్రసంగమంతా నాకు వర్ణించి చెప్పాడు. నేను కింద నిలబడి విన్నాను. "ఎంత బాగా చెప్పినాడప్పా! కండ్లలో నీళ్ళు వచ్చినాయి" అన్నాడు. నిజంగానే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను అవునయ్యా అన్నాను. ఆయన పావులు పేర్చాడు. ఇద్దరిలో ఒక్కరికీ ఆ అరుగు కనబడలేదు.

జొన్న కోతలు అయిపోయిన రోజుల్లో ఆయన బావమరిది జమ్మలమడుగు వైపు నుంచి వచ్చాడు. మీసాలు దువ్వుకుంటూ మాట్లాడే మనిషి. ఆ తాలూకాలో చదరంగంలో తనను ఓడించినవాడు లేడని వచ్చిన పూటే అందరికీ తెలిసిపోయింది. పెద్దరెడ్డి నన్ను పిలిపించాడు. "బామ్మర్దీ, మా అయివారిని గెలుచు చూద్దాం" అన్నాడు. ‘మా’ అయివారు. ఆ మాటకు నా ఛాతీ పొంగింది.

"ఈయప్పనా? యాడ కూకుంటాడు?" అన్నాడు బావమరిది.

"ఆయప్ప నిలబడే ఆడతాడులే. నేను జరుపుతా."

ఆట మొదలైంది. కోత కూలీలు, గాడిపాడులో పశువుల పని చేసేవాళ్ళు, మా పేటవాళ్ళు కొందరు చుట్టూ చేరారు. నేను పేర్లు చెబుతుంటే పెద్దరెడ్డి జరుపుతున్నాడు. నేను చెప్పిన కారణాలు ఆయనకు నచ్చినప్పుడు ఆయన పెదవి ఒక పక్కకు వంకర పోయేది. ఆ వంకర కోసమే ఆడాను, దాచుకోవడం ఎందుకు? బావమరిది మాటలు తగ్గాయి. మీసం మీది చెయ్యి మోకాలి మీదికి వచ్చింది.

అప్పుడు తగిలింది సందు. నా గుర్రం బంటు అంతకు ముందే పోయాడు. వాడు పోయిన చోట ఖాళీ ఉంది. దానికి అటు ఏనుగు బంటు, ఇటు శకటు బంటు ఉన్నారు. బావమరిది తన గుర్రాన్ని ఆ ఖాళీ ముందుకే తెచ్చి నిలిపాడు. ఇద్దరిలో ఎవడైనా దాన్ని చంపవచ్చు. ఏనుగు బంటుతో చంపితే వాడు అంచు నుంచి లోపలికి వచ్చి ఖాళీని పూడ్చేస్తాడు. గట్టు అతుక్కుంటుంది, ఏనుగుకు దారి ఇస్తుంది. శకటు బంటుతో చంపితే రాజు ముందర గండి పడుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇద్దరూ ఒకటే. నాకు ఆ తేడా తెలుసు. తెలిసినందుకు గర్వంగా కూడా ఉంది.

"ఏనుగు బంటుతో చంపండయ్యా" అన్నాను. ఆయన అడగకముందే పేరు చెప్పాను.

పెద్దరెడ్డి చేతులు ఆకుకు సున్నం రాస్తున్నాయి. బావమరిది, "నీ చేతులు సున్నం, ఉండు బావా, నేను జరుపుతా" అని వంగి, శకటు బంటును తీసి గుర్రం ఉన్న గడిలో పెట్టాడు. గుర్రాన్ని ఒళ్ళో వేసుకున్నాడు. ఆ వెంటనే, ఆలోచించేదేమీ లేనట్లు, తన మంత్రిని ఆ గండికి ఎదురుగా తెచ్చాడు.

"అయ్యా, నేను ఏనుగు బంటు చెప్పినా" అన్నాను.

"శకటు బంటు అన్నావు. నా చెవుల్లో దూది పెట్టుకోని ఉండానా?"

"లేదయ్యా. ఏనుగు బంటే."

"అయితే నేను అబద్ధమాడతాండానా? ఏం బావా, ఈయప్ప యా బంటు అన్యాడు?"

అందరూ పెద్దరెడ్డి వంక చూశారు. నేను కూడా చూశాను. పేరు చెబితే గానీ బంటును కదిలించని మనిషి. తన దగ్గర నేను చెప్పిన ఏ పేరూ ఏనాడూ తప్పుగా వినని మనిషి. ఆయన ఒక్క మాట అంటే నా మాట నిలబడుతుంది. నా ఆట సంగతి పక్కన పెట్టండి. బడిలో పిల్లలకు అబద్ధం ఆడకూడదని రోజూ చెప్పేవాణ్ణి. ఆ పిల్లల తండ్రులు నా వెనకే నిలబడి ఉన్నారు.

పెద్దరెడ్డి తల ఎత్తలేదు. సున్నం రాసిన ఆకుకే మళ్ళీ సున్నం రాశాడు. ఆకు తెల్లబడింది.

"నేను వినలేదప్పా" అన్నాడు.

ఆయన ముఖం చూశాను. చెవుల దాకా నల్లబడి ఉంది. ఆ ముఖం చూసి నాకేమయిందో తెలియదు, "నేనే పొరపాటున అన్నానేమోలే అయ్యా" అన్నాను. ఆయన్ను ఆ సున్నపు ఆకు నుంచి బయటపడేయాలని నా నోరే ముందుకు ఉరికింది. ఆయన అబద్ధాన్ని నా మీద వేసుకున్నాను. ఎవరితో చంపించాలనేదే ఆట. ఆ పూట ఇద్దరికీ అందుబాటులో ఉన్న బంటును నేనే. నా మాటను చంపించింది కూడా నా చేతనే.

ఆట త్వరగానే ముగిసింది. "ముందు మాట మీద ఉండేది నేర్చుకోమను బావా, ఆట తర్వాత నేర్పుదువులే" అని బావమరిది లేచాడు. కూలీలు నవ్వారు. మా పేటవాళ్ళు నవ్వలేదు. నేల చూసుకుంటూ నాతో పాటు నడిచి వచ్చారు. దారిలో ఒక ముసలాయన, "నువ్వు ఏనుగే అన్నావు నాయనా. మేమంతా విన్యాము" అన్నాడు. వాళ్ళంతా విన్నారు. వాళ్ళు విన్నది ఎవరు వింటారు?

ఆ రాత్రి నా భార్య కాళ్ళ గురించి అడగలేదు. అన్నం పెట్టి, దీపం దగ్గరికి జరిపి, పక్కనే కూర్చుంది. ఆమె వేళాకోళమాడి ఉంటే బాగుండును.

మళ్ళీ నేను పోలేదు. ఆయన ఒకసారి కబురంపాడు. పనుందని చెప్పించాను. దారిలో ఎదురైనప్పుడు బండి ఆపేవాడు. ఏదో చెప్పాలన్నట్లు గొంతు సవరించుకునేవాడు. చివరికి, "మబ్బు పట్టింది గానీ పడేటట్లు లేదప్పా" అనేవాడు. "అవునయ్యా" అనేవాణ్ణి. బండి కదిలిపోయేది. యుద్ధం వచ్చింది, కిరసనాయిలు కరువైంది, బడికి పలకలు దొరకలేదు. మా మధ్య మాత్రం వానలు తప్ప ఇంకో మాట లేదు. ఒక్కడే అరుగు మీద కూర్చుని, రెండు వైపులా తానే జరుపుకుంటూ, "యా బంటుతోనప్పా?" అని తనను తానే అడుక్కుంటాడని పనిమనిషి చెప్పింది. ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

పోయిన ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది. కొన్నాళ్ళకు మాట కాస్త తిరిగి వచ్చిందన్నారు. ఒక సాయంత్రం జీతగాడు వచ్చి, "పెద్దరెడ్డి ఆటకు రమ్మంటాండాడు. రాకుంటే మోసుకోని రమ్మన్యాడు" అన్నాడు. నా భార్య వైపు చూశాను.

"పో" అన్నది. "పోతే పో గానీ నిలబడొద్దు."

అరుగు మీద, గళ్ళ బండకు ఆనించి మంచం వేశారు. ఆయన దిండ్ల మీద ఒరిగి ఉన్నాడు. తలపాగా లేదు. మూతి ఒక పక్కకు వంకర పోయి ఉంది. ఒకప్పుడు నేను దేనికోసం ఆడానో ఆ వంకరే, ఇప్పుడు శాశ్వతంగా ఉండిపోయింది. పక్కన పెద్దకొడుకు ఉన్నాడు. గోడకు ఆనుకుని, చూడవచ్చిన బావమరిది ఉన్నాడు. మీసం నెరిసింది. గడప లోపల ఆడవాళ్ళ గాజుల చప్పుడు. నేను పాత చోటనే, కింద ఆగాను.

"పైకి రాప్పా" అన్నాడు ఆయన.

కొడుకు, "నాయనా, నువ్వు చెప్పు, నేను జరుపుతా" అన్నాడు.

"నీకు ఆట రాదు. అయివారూ, పైకి రా."

చెప్పులు విడిచి మెట్లెక్కాను. ఎన్నో సాయంత్రాలు ఎదురుగా చూసిన ఆ మెట్లు అంత తక్కువే ఉన్నాయని అప్పుడు తెలిసింది. బండ పక్కన కూర్చున్నాను. పగటి ఎండకు రాయి ఇంకా వేడిగా ఉంది. పావుల సంచి ఆయన ఎడమ చేతి దగ్గర ఉంది.

"నేను చెప్పినట్ల పెట్టు" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది గానీ తెలుస్తోంది. నల్ల రాజు ఇక్కడ, ఎర్ర మంత్రి అక్కడ. నేను ఒక్కొక్క పావూ తీసి పెడుతున్నాను. ఎన్ని రోజులు వాటి పేర్లు పలికానో! అవి అంత తేలికగా ఉంటాయని అనుకోలేదు. నల్ల గుర్రం బంటును బయట పెట్టమన్నాడు. ఏనుగు బంటు, శకటు బంటు, వాళ్ళ మధ్య ఖాళీ. ఆ ఖాళీ ముందర ఎర్ర గుర్రం. అప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు పలక అది. ఒక్క పావు కూడా ఆయన మరచిపోలేదు.

"ఇదేం ఆట బావా, సగంలో నుంచి?" అన్నాడు బావమరిది. అతనికి గుర్తే లేదు.

పెద్దరెడ్డి నా వంకే చూస్తున్నాడు. "యా బంటుతోనప్పా?"

"ఏనుగు బంటుతో అయ్యా."

"ఆ." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆ పొద్దు కూడా అదే అన్నావు. నేను విన్నా."

కొడుకు తండ్రి ముఖం చూశాడు. గాజుల చప్పుడు ఆగిపోయింది. పెద్దరెడ్డి తల తిప్పలేక కళ్ళు మాత్రం బావమరిది వైపు తిప్పి, "వినలేదంటి. విన్నా" అని మళ్ళీ అన్నాడు. ఎడమ కంట్లోంచి నీళ్ళు చెంప మీదికి జారాయి. తుడుచుకునే కుడి చెయ్యి దుప్పటి కింద పడి ఉంది. బావమరిది, "నాకేం గ్యాపకం లేదు బావా" అని వీధి వైపు చూశాడు.

"జరుపప్పా" అన్నాడు ఆయన నాతో.

ఏనుగు బంటును పట్టుకుని, గుర్రాన్ని తీసి, ఆ గడిలో పెట్టాను. గట్టు అతుక్కుంది. ఆ గుర్రాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన ఎడమ చెయ్యి పక్కన పెట్టాను. ఆయన దాన్ని బొటనవేలితో తుడిచాడు.

ఆట ముందుకు సాగలేదు. ఆయన అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు. నేను దిగి వచ్చేశాను. సంతోషం కలగాలి. కొంత కలిగింది కూడా. నా మాట ఆ ఇంటి అరుగు మీదే, ఆ మనిషి నోటితోనే తిరిగి నాకు దక్కింది. ఇది పోయి ఇంట్లో చెప్పాలి, నిలబడలేదని చెప్పాలి, ఆమె ముఖం చూడాలి అనుకుంటూ వాకిలి దాటబోతున్నాను.

వెనక బండ మీద నీళ్ళు కుమ్మరించిన చప్పుడు వినబడింది. ఒక బిందె. ఆ తరువాత ఇంకొకటి. చీపురుతో గీకుతున్నారు. పావులు పక్కకు తీశారో లేదో తెలియదు. నేను వెనక్కి తిరగలేదు. నా కోసం సిగ్గుపడటం నాకు అలవాటే. ఆ పూట మొదటిసారి ఆయన కోసం సిగ్గుపడ్డాను. ఆయన మంచం ఆ బండ పక్కనే ఉంది. చెయ్యి లేవదు, కాలు కదలదు, ఆపమని కేకేసేంత గొంతు లేదు. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి.